ప్రవాస విప్రలంభము – ఆధునిక ప్రణయగీతము

శృంగారరసము సంభోగ, విప్రలంభ భేదములచే ద్వివిధమని ఆలంకారికులందరును అంగీకరించిరి. విప్రలంభమును విభజించుటలో మాత్రము వారికి మతభేదము కలదు. మమ్మటుడు కావ్యప్రకాశమున అభిలాషము, విరహము, ఈర్ష్య, ప్రవాసము, శాపము అను అయిదు హేతువులను చెప్పెను. సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు పూర్వరాగము, మానము, ప్రవాసము, కరుణము అని నాలుగు భేదములను గ్రహించి, శాపమును ప్రవాసములోనే అంతర్భవింపజేసెను. నాయికానాయకులు భిన్నదేశములందుండుటయే ప్రవాసమనియు, దానికి కార్యము, శాపము, సంభ్రమము అను మూడు కారణములనియు ఆయన నిర్ణయము.

ఈ విభజన క్రీ.శ. 14వ శతాబ్ది నాటిది. నేటి విద్యార్థి వినుచున్న పాటలలో అధికభాగము ప్రణయగీతములే. వానిలో దూరదేశమందున్న ప్రియురాలినో ప్రియునో ఉద్దేశించి పాడినవి పెక్కులు. ఆ గీతములకును ఈ శాస్త్రమునకును సంబంధమున్నదా, లేక శాస్త్రము ప్రాచీన కావ్యములకే పరిమితమా అను ప్రశ్న అలంకారశాస్త్ర బోధకునకు తరచుగా ఎదురగుచుండును. పాశ్చాత్య దేశములలో పుట్టి ప్రపంచమంతట వ్యాపించిన ‘సాఫ్ట్ రాక్ బల్లాడ్’ అను గీతభేదమును ఉదాహరణముగా గైకొని ఈ ప్రశ్నను పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

గీతస్వరూపము

‘బల్లాడ్’ అను పదము మొదట నృత్యముతో కూడిన గేయమును, పిదప కథాత్మక జానపద గేయమును బోధించెడిది. మన పల్నాటి వీరకథ, బొబ్బిలి కథ వంటి రచనలను గూర్చి వ్రాసిన విమర్శకులు ఈ పదమును ఆ రెండవ అర్థముననే వాడిరి. 20వ శతాబ్దిలో ఆంగ్ల జనప్రియ సంగీతమున ఈ పదమునకు అర్థసంకోచము కలిగి, విలంబగతిలో సాగు ప్రణయగీతమను అర్థము స్థిరపడినది. 1950 దశాబ్దిలో అమెరికాలో వెలసిన రాక్ సంగీతము ఉద్ధతమైన దరువునకు ప్రసిద్ధము. 1960 దశాబ్ది చివరను, 1970 దశాబ్ది ఆరంభమునను ఆ ఔద్ధత్యమును తగ్గించి, పియానో, గిటారు స్వరముల ఆధారముతో కంఠమునకు ప్రాధాన్యమిచ్చిన శాఖ సాఫ్ట్ రాక్. మన పరిభాషలో చెప్పవలెనన్న అది ఆరభటీ వృత్తిని విడిచి కైశికీ వృత్తిని ఆశ్రయించిన రాక్ సంగీతము.

ఈ శాఖయందు దూరదేశ ప్రణయమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము 1989లో వెలువడిన ‘రైట్ హియర్ వెయిటింగ్’ అను గీతము. షికాగో నగరమున జన్మించిన రిచర్డ్ మార్క్స్ దీనికి రచయిత, స్వరకర్త, గాయకుడు. ఆయన ప్రియురాలు, నటి అయిన సింథియా రోడ్స్ చలనచిత్ర నిర్మాణము నిమిత్తమై దక్షిణాఫ్రికాకు వెళ్లినది. ఆమెను చూడబోవుటకు మార్క్స్ ప్రయత్నింపగా ఆ దేశ ప్రవేశమునకు వీసా లభింపలేదు. ఆ కాలమున వ్రాసిన గీతమిది. ‘రిపీట్ అఫెండర్’ అను సంపుటిలో చేరి, 1989 ఆగస్టు మాసమున అమెరికా గీతముల పట్టికలో మూడు వారములు ప్రథమస్థానమున నిలిచినది. గీతభావము సరళము. సముద్రములు అడ్డుగా నున్నవి, దినములు గడచుచున్నవి, టెలిఫోనులో ప్రియురాలి కంఠధ్వని వినవచ్చినను బాధ తీరుటలేదు, ఎంతటి వేదన కలిగినను, ఆమె ఎచ్చటికి పోయినను తాను ఇచ్చటనే వేచియుందునని నాయకుని ప్రతిజ్ఞ.

శాస్త్రసమన్వయము

విశ్వనాథుడు చెప్పిన మూడు కారణములలో ఇది కార్యజ ప్రవాసము. కాని కార్యము నాయకునిది కాదు, నాయికది. ఆమె వృత్తిరీత్యా దేశాంతరమేగినది. నాయకుడు ఆమె వెంట పోలేకపోవుటకు కారణము వేరు. అది ఒక ప్రభుత్వము విధించిన నిషేధము. అలకాపురిలో కుబేరుని కొలువున నున్న యక్షుడు స్వాధికారమున ప్రమాదపడి, ప్రభువు కోపమునకు గురియై, ఏడాదిపాటు రామగిరికి తొలగింపబడుట మేఘసందేశ కథకు బీజము. అచ్చటి శాపమున దైవికమైన మహిమ ఎంత కలదో ప్రభుశాసనము కూడ అంతయే కలదు. కావున మార్క్స్ గీతమునకు పూర్వరంగమైన వియోగమును కార్యజ, శాపజ ప్రవాసముల సంకీర్ణముగా గ్రహించుటలో విప్రతిపత్తి యుండదు. వీసా నిరాకరణము నేటి కాలపు శాపమన్నచో అది చమత్కారోక్తి మాత్రమే కాదు. వ్యక్తి ఇచ్ఛకు అతీతమైన అధికారము ప్రణయమునకు అడ్డగించుట రెండింటను సమానము.

స్థాయిభావము రతి. ఆలంబనము దేశాంతరగతయైన నాయిక. అనుభావ, సంచారులలో చింత, స్మృతి, ఔత్సుక్యము, దైన్యము స్పష్టములు. మతి చలించుచున్నదను భావము దశవిధ కామావస్థలలోని ఉన్మాదమునకు సమీపమున నున్నది. నిశ్చయరూపమైన ధృతి గీతాంతమున ప్రధానమగుచున్నది. ఇంతవరకు శాస్త్రము చక్కగా అన్వయించుచున్నది. అన్వయము కష్టమగు తావులు రెండు: ఒకటి ఉద్దీపన విభావము, రెండవది నాయకుని స్థితి.

ఉద్దీపనము – మారేడుమిల్లి కొండలు

మేఘసందేశమునకు ప్రాణము ఉద్దీపనము. ఆషాఢ మేఘము కొండచరియను ఆనుకొని కనబడుటయే కావ్యారంభమునకు హేతువు. పూర్వమేఘమంతయు మార్గవర్ణనము. నదులు, కొండలు, జనపదములు, ఉజ్జయిని సౌధములు క్రమముగా వచ్చును. ఉత్తరమేఘమున అలకానగరము, యక్షుని గృహము, యక్షిణి విరహావస్థ వర్ణితములై, అసలు సందేశవాక్యములు చివరి కొద్ది శ్లోకములలో మాత్రమే ఉన్నవి. అనగా కాళిదాసు దూరమును మాటతో చెప్పక, మార్గమును నడిపించి పాఠకునకు అనుభవైకవేద్యము చేసినాడు. మందాక్రాంతా వృత్తముకూడ దానికి అనుగుణము. మ, భ, న, త, త గణములు, రెండు గురువులతో పదునేడు అక్షరములు గల ఈ వృత్తమున మొదటి నాలుగు గురువులు మెల్లగా అడుగిడును. పిదప అయిదు లఘువులు త్వరపడును. ఒక గురువుతో ఆగి మరల గంభీరగతి సాగును. మేఘము కొండపై నిలిచి, కదలి, మరల నిలుచు తీరు ఆ గతిలోనే కలదు.

ఈ వర్ణన గ్రంథగతము మాత్రమే కాదనుటకు తూర్పు కనుమలలోని మారేడుమిల్లి ప్రాంతము ప్రత్యక్ష నిదర్శనము. రంపచోడవరము దాటి మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపునకు సాగు ఘాట్ మార్గమున, నైరుతి ఋతుపవన కాలమునందు మబ్బు కొండచరియల మీదికి దిగివచ్చి వృక్షాగ్రములను కప్పివేయును. వాగులు పొంగినప్పుడు చరియల మీది పల్లెలకు రాకపోకలు కష్టమగును. అచ్చట నివసించు కొండరెడ్లు తెలుగు మాతృభాషగా కలవారు. పోడు వ్యవసాయము, అటవీ ఫలసాయము వారికి జీవనాధారములు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో ప్రకటించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అను గ్రంథము ఈ జనుల జీవనమును పండితలోకమునకు విపులముగా తెలియజేసినది. అట్టి ప్రదేశమున దూరమును మైళ్లతో కొలుచుటకంటె ఎక్కవలసిన కొండలతో, దాటవలసిన వాగులతో కొలుచుట సహజము. పూర్వమేఘములోని మార్గవర్ణనమును ఆ తావున నిలిచి చదివిన విద్యార్థికి ఉద్దీపన విభావమన నేమియో వ్యాఖ్యాన నిరపేక్షముగా బోధపడును.

మార్క్స్ గీతమున ఇట్టి వర్ణనము మృగ్యము. ఋతువు లేదు, మార్గము లేదు, వృక్షము లేదు. సముద్రమను ఒక్క మాటతో దూరము సూచింపబడినది. ఉద్దీపనము లేనిదే రసపుష్టి ఎట్లను ప్రశ్నకు సమాధానము గీతపు శబ్దాంశమున లేదు, స్వరాంశమున కలదు. ఏకాంతమున మ్రోగుచున్నట్లున్న పియానో స్వరము, నడుమనడుమ నిశ్శబ్దము, గంభీరమైన దరువు లేకుండుట — ఇవియే ఇచ్చట ఉద్దీపనములు. గీతమును గీతముగా గాక పద్యముగా చదివి నీరసమని త్రోసిపుచ్చుట పరిశీలనాలోపము. భరతుడు ధ్రువాగానమును నాట్యమున రసపోషకముగా విధించిన సంగతిని స్మరించినచో ఈ సమాధానము శాస్త్రసమ్మతమే.

తెలుగు చలనచిత్ర గీతమున మూడవ మార్గము కానవచ్చును. అచ్చట ఉద్దీపనము శబ్దమునుండి తొలగి దృశ్యమున చేరినది. దాసరి నారాయణరావు దర్శకత్వమున 1982లో వెలువడిన ‘మేఘసందేశం’ చిత్రము, రమేశ్ నాయుడు సంగీతముతోను, దేవులపల్లి కృష్ణశాస్త్రి, వేటూరి సుందరరామమూర్తి ప్రభృతుల గీతములతోను విరహమునకు నూతన రూపము కల్పించి, సంగీతమునకును గానమునకును జాతీయ పురస్కారములను పొందినది. అందు శబ్దము, స్వరము, దృశ్యము మూడును ఉద్దీపనములే. మారేడుమిల్లి అడవులు కూడ చలనచిత్రములకు ప్రియమైన రంగస్థలములైనవి. 2021లో విడుదలైన ‘పుష్ప’ అందులకు విదితమైన ఉదాహరణము. కవి వర్ణింపవలసిన కొండను ఛాయాగ్రాహకుడు చూపుచుండగా, గీతకర్తకు వర్ణనభారము తగ్గినది. ఇది లాభమా, నష్టమా యన్నది వేరు చర్చ. విభావము నశింపలేదు, స్థానము మారినదని మాత్రము గుర్తింపవలెను.

వేచియుండువారెవరు?

రెండవ చిక్కు నాయకస్థితిని గూర్చినది. అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృక ఒకతె. భర్త దేశాంతరమేగగా ఇంట వేచియుండునది ఆమె. మాలిన్యము, ఏకవేణి, నిట్టూర్పు మొదలగునవి ఆమెకు చెప్పబడిన చిహ్నములు. పురుషుని పక్షమున భానుదత్తుడు రసమంజరియందు ప్రోషితపతిని పేర్కొనెను. కాని ఆతడు తానే ప్రవాసమేగినవాడు. యక్షుడట్టివాడే. స్త్రీ కార్యార్థమై వెళ్లగా ఇంట వేచియుండు పురుషుడు ఈ రెండింటను ఇమడడు. మార్క్స్ గీతములోని నాయకుడు సరిగా ఆ స్థితియందున్నవాడు. ప్రోషితభర్తృకా ధర్మములన్నియు పురుషునియందు ఆరోపింపబడినవి. ఈ వ్యత్యయమే గీతమునకు నవ్యత్వమును కలిగించినది.

దీనికి అనుబంధముగా మార్క్స్ తరువాతి కాలమున తెలిపిన ఒక వృత్తాంతము ఆలోచింపదగినది. ఈ గీతమును ఆయన మొదట ప్రసిద్ధ గాయని బార్బ్రా స్ట్రైసండ్ పాడుటకై పంపెనట. స్వరము ఆమెకు నచ్చినది గాని, తాను ఎవరికొరకును అట్లు వేచియుండుదానను కానని, సాహిత్యమును మార్చవలెనని ఆమె కోరినదట. మార్చుటకు ఇష్టపడక మార్క్స్ తానే పాడెను. ఒకే మాట పురుషుడు పలికినపుడు త్యాగముగా, స్త్రీ పలికినపుడు విధిగా వినిపించునను ఎరుక ఆ నిరాకరణమున కలదు. శాస్త్రము ప్రోషితభర్తృకకు పేరు పెట్టి, ఇంట వేచియుండు పురుషునకు పేరు పెట్టకుండుటలో ఆనాటి లోకవృత్తమే ప్రతిబింబించినది. లక్షణము లక్ష్యానుసారి. లక్ష్యము మారినపుడు కొత్త సంజ్ఞను కల్పించుట శాస్త్రవిరోధము కాజాలదు.

తెలుగు స్త్రీల పాటలలో ఈ నిరీక్షణ విధిని లోపలినుండి ప్రశ్నించిన రచన ‘ఊర్మిళాదేవి నిద్ర’. లక్ష్మణుడు అన్న వెంట అడవికేగగా ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించినది. కామావస్థలలో జాగరము, అనగా నిద్రలేమి, ప్రసిద్ధము. ఈ పాట దానిని తలక్రిందులు చేసి, నిద్రనే విరహమునకు రూపముగా కల్పించినది. లక్ష్మణుడు తిరిగివచ్చినపుడు ఆమె గుర్తింపక, పరపురుషుడని భయపడి, పరస్త్రీని కోరినవారికి కలుగు కీడును చెప్పి మందలించును. దీర్ఘప్రవాసము తరువాతి సమాగమమున ఇరువురును పరాయివారైపోవుదురను సత్యమును ఇంత సూక్ష్మముగా చెప్పిన రచనలు అరుదు. కావ్యములు సాధారణముగా సమాగమమును ఫలముగా చూపి విరమించును. ఈ పాట సమాగమములోని సంకటమును కూడ చూపినది.

దూత

ప్రవాస విప్రలంభమునకు దూత ముఖ్యాంగము. కాళిదాసు మేఘమును, వేదాంతదేశికులు హంసను దూతలుగా గైకొనిరి. క్షేత్రయ్య పదములలో నాయిక తన బాధను పెక్కుతావుల సఖికి చెప్పుకొనును. సఖియే శ్రోత, ఆమెయే దూతి. నండూరి సుబ్బారావు 1925లో గ్రంథరూపమున ప్రకటించిన ‘ఎంకిపాటలు’ ఈ సంప్రదాయమున మలుపు వంటివి. నాయుడుబావకును ఎంకికిని నడుమ దూతికా ప్రసంగము సన్నగిల్లి, ఒకరినొకరు తలచుకొనుటయే పాటయైనది. గ్రామ్యభాషయందు రసము పొసగునా అని ఆనాడు పండితులలో వాదోపవాదములు చెలరేగినను, కాలక్రమమున ఆ పాటలు తెలుగు శృంగారమున స్థిరస్థానమును పొందినవి. నేటి జనప్రియ గీతమును శాస్త్రదృష్టితో పరిశీలింప జంకువారికి ఆ చరిత్ర ధైర్యమును కలిగింపవలెను.

మార్క్స్ గీతమున దూత లేడు, టెలిఫోను కలదు. ప్రియురాలి కంఠము సముద్రములు దాటి క్షణములో చేరినది. అయినను విరహము తీరలేదు. ఇది ఈ గీతమున సారభూతమైన అంశము. సందేశము చేరకుండుటయే విరహమునకు కారణమని తలచినచో, టెలిఫోను వచ్చిననాడే ప్రవాస విప్రలంభము అంతరింపవలసినది. అంతరింపలేదు. విశ్వనాథుడు ప్రవాసమును భిన్నదేశస్థితిగా నిర్వచించెను గాని సందేశాభావముగా నిర్వచింపలేదు. కావలసినది సన్నిధి, సమాచారము దానికి ప్రతినిధి కాజాలదు. ఈ ఒక్క విషయమున ప్రాచీన లక్షణము నేటి అనుభవమునకు సర్వవిధముల సరిపోవుచున్నది.

యక్షుని సందేశమున మొదటి విషయమేమి? నీ సహచరుడు రామగిరి ఆశ్రమములందు జీవించియున్నాడు, నీ కుశలమడుగుచున్నాడు అనుట. మార్క్స్ గీతమున పల్లవి సారమేమి? నేనిచ్చటనే ఉన్నాను అనుట. రెండింటను సందేశసర్వస్వము ఉనికిని తెలుపుటయే. భేదము అవధియందున్నది. యక్షునకు శాపావసానము తెలియును. విష్ణువు శేషశయ్యనుండి మేల్కొనునప్పటికి, అనగా నాలుగు మాసములకు, వియోగము ముగియును. యక్షిణి గడపపై పూలుంచి దినములు లెక్కించుచున్నది. కావ్యారంభమున ఆషాఢ ‘ప్రథమ’ దినమా, ‘ప్రశమ’ దినమా అను పాఠచర్చకు మూలము ఈ అవధిగణనమే. వల్లభదేవుడు ‘ప్రశమ’ పాఠమును గ్రహింపగా, మెతుకుసీమలోని కొలిచెలమవాసియగు మల్లినాథసూరి తన సంజీవనీ వ్యాఖ్యయందు ‘ప్రథమ’ పాఠమును సమర్థించెను. వ్యాఖ్యాతలు దినములను కూడ లెక్కించి వాదించుటకు కారణము, అవధియే యక్షదంపతుల ప్రాణాధారమగుట. ఆధునిక గీతమునకు అట్టి అవధి లేదు. ఎంతకాలమైనను వేచియుందునను ప్రతిజ్ఞ వినుటకు ఉదాత్తముగా నున్నను, లెక్కింపదగిన దినములు లేని నిరీక్షణమది. అందుచేతనే అందు ఆశకంటె అశాంతి అధికము.

గానమును బట్టియు ఒక భేదము కలదు. మారేడుమిల్లినుండి చింతూరు, భద్రాచలముల వైపు విస్తరించిన కోయల రేల పాటలు సామూహిక గానములు. పాడువారును, బదులు పలుకువారును, ఆడువారును ఒకేచోట నుందురు. ఆ పాట సన్నిధిలో పుట్టి సన్నిధిలో నడచును. సాఫ్ట్ రాక్ గీతము ఒంటరి కంఠము. మైక్రోఫోను వచ్చినపిదప గుసగుస వంటి స్వరముకూడ వేలమందికి వినిపింపజేయుట సాధ్యమైనది. ధ్వనిముద్రణము గాయకుని శ్రోతకు దూరము చేసి, కంఠమును మాత్రము చెవికి చేరువ చేసినది. కావున దూరము ఈ గీతమునకు వస్తువు మాత్రమే కాదు, ప్రసారరీతి కూడ. ఆ దృష్టితో చూచినపుడు పాటయే మేఘము; దూత లేడనిన చోట దూతకృత్యమును పాటయే నిర్వహించుచున్నది.

ఉపసంహారము

మార్క్స్, రోడ్స్ దంపతులు 1989లో వివాహమాడి 2014లో విడిపోయిరి. గీతము మాత్రము నిలిచియున్నది. కవి జీవితమునకును రసమునకును కార్యకారణ నియమము లేదనుటకు, భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణమునకు ఇది సమకాలిక దృష్టాంతము. ఉద్యోగమునకో, చదువునకో, కూలికో ఆప్తులు దూరమేగిన శ్రోత ఆ గీతమున మార్క్స్‌ను గాని రోడ్స్‌ను గాని చూడడు. సామాన్యీకృతమైన నిరీక్షణమునే చూచును.

పై పరిశీలనమువలన తేలిన అంశములు మూడు. ప్రవాస విప్రలంభ లక్షణము ఆధునిక ప్రణయగీతమునకు అన్వయించును. ఉద్దీపనము శబ్దమునుండి స్వరమునకు, దృశ్యమునకు స్థానము మారినది. ఇంట వేచియుండు పురుషునకు శాస్త్రమున సంజ్ఞ లేదు. ప్రోషితభర్తృకకు ప్రతిగా ‘ప్రోషితభార్యుడు’ అని వ్యవహరించినచో లోపము తీరును. మేఘసందేశమును బోధించునపుడు విద్యార్థికి తెలిసిన గీతమొకదానిని దానితో సరిపోల్చి చూపినచో, లక్షణము కంఠస్థము చేయవలసిన సూత్రముగా గాక, తన అనుభవమును కొలుచు సాధనముగా ఆతనికి గోచరించును. అలంకారశాస్త్రమున కొత్త లక్ష్యములు చేరుటకు అదియొక మార్గము.